నొప్పి ఎక్కడ?

మన సాహిత్య చర్చల్లో మనసు ప్రసక్తి వచ్చినంతగా శరీరం ప్రసక్తి రాదు. వచ్చినా శృంగారం కిందనో, ఆకలి కిందనో వస్తుంది. మనసు సంగతిలో రెండు పక్షాలున్నాయి. మనసును ఒక చీకటి గుహగా భావించి లోపల్లోపలికి తవ్వుకుంటూ పోయేవారిది ఒక పక్షం. అదంతా తీరుబడి గలవాళ్ళ వ్యాసంగమని కొట్టిపారేసేవారిది మరొకటి. ఈ రెండో పక్షంలో మనవాళ్ళే ఎక్కువ. మనిషి బాధకు మూలం సమాజంలో ఉన్నదని చెప్పటం న్యాయమే. కాని సమాజంలో పుట్టిన బాధ మనిషి ఒంట్లోకి ఏ దారిన వస్తుంది, వచ్చి ఎక్కడ కూర్చుంటుంది, దాన్ని ఎవరు ఎలా తీస్తారు అన్న ప్రశ్నలకు మనం జవాబు వెతకలేదు.

ప్రజల భాష మాత్రం మనసూ శరీరమూ వేరన్న మాటను ఏనాడూ ఒప్పుకోలేదు. భయం వేస్తే తెలుగువాడికి గుండెల్లో రాయి పడుతుంది, నాలుక పిడచగట్టుకుపోతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు. బిడ్డ పోతే తల్లిది కడుపుకోత. అవమానం జరిగితే ఒళ్ళు మండుతుంది. వీటిని జాతీయాలంటూ క్లాసులో పాఠం చెబుతాము, పరీక్షలో సొంత వాక్యాల్లో ప్రయోగించమంటాము. నా దృష్టిలో ఇవి ముందు పరిశీలనలు, ఆ తరవాతే జాతీయాలు. భయంలో నోరు ఎండిపోవటం, గుండె దడదడలాడటం, కండరాలు బిగుసుకుపోవటం నిజంగా జరిగే సంగతులని ఏ వైద్యుణ్ణి అడిగినా చెబుతాడు. ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవటానికో, తిరగబడటానికో శరీరం చేసుకునే ఏర్పాటు అది. పారిపోయే దారి లేక, తిరగబడే అవకాశమూ లేక మనిషి కట్టుబడిపోయినప్పుడు ఏమవుతుంది? ఆ ఏర్పాటు సడలదు. ప్రమాదం దాటిపోయి ఏళ్ళు గడిచినా శరీరం దానికి సిద్ధంగానే ఉండిపోతుంది. ఇవాళ వైద్యులు ట్రామా అంటున్న స్థితిలో ముఖ్యమైన భాగం ఇదే.

ఈ విషయంలో మనకు పనికివచ్చే మనిషి ఒకడున్నాడు. అతని పేరు మన విద్యార్థులకు బాగా తెలుసు, పని మాత్రం తెలియదు. ఫ్రాంజ్ ఫానన్ అనగానే వలస ప్రజల తిరుగుబాటును సమర్థించిన సిద్ధాంతకర్తగా చెప్పుకుంటాము. 1961లో వెలువడిన అతని చివరి పుస్తకంలో హింసను గురించిన మొదటి అధ్యాయాన్ని మన కుర్రవాళ్ళు కంఠతా పడతారు, దానికి సార్త్ర్ రాసిన ముందుమాటను అంతకంటే ఎక్కువగా పడతారు. అదే పుస్తకంలో వలస యుద్ధాన్నీ మానసిక వ్యాధులనూ గురించిన అధ్యాయం చివర్లో ఉన్నది. అక్కడిదాకా వెళ్ళేవారు తక్కువ. అది సిద్ధాంతకర్త రాసినది కాదు, వైద్యుడు రాసినది. రోగుల వివరాలు, వారి నిద్ర, వారి కడుపులు, వారి చేతుల వణుకు అందులో ఉన్నాయి. ఫానన్ వృత్తి మనోవైద్యం. రాజకీయాలు అతనికి ఆ వృత్తిలోంచి కూడా పుట్టాయి.

అతడు 1925లో ఫ్రెంచివారి అధీనంలోని మార్టినిక్ ద్వీపంలో, కాస్త కలిగిన నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. కవి ఎమే సెజేర్ ఉపాధ్యాయుడుగా ఉన్న పాఠశాలలో చదివాడు. నాజీలతో పోరాడటానికి పద్ధెనిమిదేళ్ళ వయసులో ఇల్లు విడిచి వెళ్ళి, 1944లో ఫ్రాన్సులో గాయపడి, శౌర్యానికి పతకం పొందాడు. ఫ్రాన్సు స్వేచ్ఛ కోసం పోరాడుతున్న ఆ సైన్యంలోనే చర్మం రంగును బట్టి మనుషులను అంతస్తులుగా విడదీయటం చూశాడు. యుద్ధానంతరం లియాన్ నగరంలో వైద్యం చదువుతూ మెర్లో పోంటీ తత్వశాస్త్ర ఉపన్యాసాలకు వెళ్ళేవాడు. మనిషికి శరీరం ఒక వస్తువు కాదనీ, లోకంతో అతని సంబంధమంతా శరీరం ద్వారానే ఏర్పడుతుందనీ వాదించిన తత్వవేత్త ఆయన.

1951లో ఫానన్ సమర్పించిన వైద్య సిద్ధాంత వ్యాసం నరాల క్షయానికి సంబంధించిన ఒక వంశపారంపర్య వ్యాధిని గురించినది. ఆ వ్యాధి ఉన్నవారిలో కొందరికి మనసు చెదురుతుంది, ఆ చెదరటమైనా అందరికీ ఒకే రకంగా ఉండదు. అలాంటప్పుడు మనోవ్యాధిని మొత్తంగా నరాలకు అంటగట్టవచ్చునా? నరాలను మరచి మనసును మాత్రమే పట్టుకోవచ్చునా? రెండూ కుదరవు. మధ్యలో మనిషి బతుకు ఉన్నది, అతని చుట్టూ ఉన్నవాళ్ళున్నారు. ఫానన్ వైద్య జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

మరుసటి సంవత్సరం, 1952లో, అతడు ఒక పత్రికలో ఉత్తర ఆఫ్రికా కార్మికులను గురించి వ్యాసం రాశాడు. అల్జీరియా నుంచి పొట్ట చేతపట్టుకుని ఫ్రాన్సుకు వచ్చిన కూలీలు నొప్పులతో ఆసుపత్రికి వస్తారు. ఎక్కడ నొప్పి అని డాక్టరు అడుగుతాడు. కడుపంటాడు రోగి, ఛాతీ కూడా చూపిస్తాడు. కాసేపటికి ఒళ్ళంతా అంటాడు. పరీక్షలు చేస్తే ఏమీ కనిపించదు. కనిపించలేదు గనక నొప్పి లేదనీ, పని ఎగవేతకు వేషం వేస్తున్నాడనీ, ఈ జాతే అంత అనీ డాక్టరు తేల్చేస్తాడు. ఫానన్ ప్రశ్నను తిరగేశాడు. ఇల్లు లేదు, భార్యాబిడ్డలు దగ్గర లేరు, వీధిలో గౌరవం లేదు, రేపటి పని మీద నమ్మకం లేదు. ఇన్ని లేనివాడికి ఒళ్ళంతా నొప్పి ఉండకపోతే ఆశ్చర్యపడాలి గాని, ఉంటే ఆశ్చర్యం ఏమిటి?

ఈ వ్యాసం చదివినప్పుడు మా తాత గుర్తుకు రాక తప్పలేదు. ఆయనది సూర్యాపేట ప్రాంతం. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కుర్రవాడు, దళాలకు కబుర్లు చేరవేసేవాడు. 1949లో పట్టుబడి కొన్ని నెలలు మిలిటరీ క్యాంపులో ఉన్నాడు. క్యాంపులో ఏం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసినదల్లా ఆయన రాత్రిళ్ళు గోడకు వీపు ఆనించి కూర్చునే నిద్రపోయేవాడనీ, ఊళ్ళోకి జీపు వచ్చిన చప్పుడైతే లేచి పెరటి తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడేవాడనీ మాత్రమే. నిద్రలో కూడా పిడికిళ్ళు బిగించే ఉండేవి. ఏటా అమరుల వర్ధంతి సభలో ఆయనకు దండ వేసేవారు. ఆ దండ వేసిన చేతులు ఎంతో ప్రేమగా వేసినవే. కాని రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగినవాళ్ళు ఆ సభల్లో ఒక్కరూ లేరు.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన్ను పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు కుర్రవాడు, మా ప్రాంతపువాడు కాడు. ఏమిటి బాధ అని అడిగాడు. "పెయ్యంత గుంజుతుంది బిడ్డా" అన్నాడు తాత. మా వైపు పెయ్యి అంటే ఒళ్ళు. డాక్టరు వైపు పెయ్య అంటే ఆవుదూడ. "దూడకు బాగా లేకపోతే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, తాతా" అని ఆయన నవ్వాడు. పక్కనున్న కాంపౌండరు కూడా నవ్వాడు. తరవాత అర్థం చేసుకుని ఎక్స్‌రే తీయించాడు, రక్తం పరీక్ష చేయించాడు. నీకే రోగమూ లేదు, వయసు మీద పడింది, ఇంటికి పో అన్నాడు. ఆ కుర్ర డాక్టరు దుర్మార్గుడు కాడు. బయట వందమంది రోగులు నిలబడి ఉన్నారు. అతనికి నేర్పిన చదువులో 1949 లేదు, పెయ్యి లేదు. ఎక్స్‌రేలో పడని నొప్పిని చూసే సాధనం అతని దగ్గర లేదు.

మరి ఆ సాధనం ఏమిటి? ఫానన్‌కు అది సేంట్ ఆల్బన్ అనే మారుమూల ఊళ్ళోని పిచ్చాసుపత్రిలో దొరికింది. అక్కడ అతని గురువు ఫ్రాంస్వా తోస్కెల్. కాటలోనియావాడు, మార్క్సిస్టు, స్పెయిన్ అంతర్యుద్ధంలో ప్రజాప్రభుత్వ సైన్యానికి మనోవైద్యుడుగా పనిచేసి, ఫ్రాంకో గెలిచాక సరిహద్దు దాటి ఫ్రాన్సుకు వచ్చినవాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఫ్రాన్సులోని పిచ్చాసుపత్రుల్లో సుమారు 40,000 మంది రోగులు ప్రధానంగా తిండి లేక చనిపోయారు. సేంట్ ఆల్బన్‌లో తలుపులు తెరిచి, రోగులు చుట్టుపక్కల రైతులతో కలిసి పనిచేసి తిండి సంపాదించుకున్నారు. 1943లో కవి పాల్ ఎలువార్ కూడా అక్కడ తలదాచుకున్నాడు. రోగికి మందు ఇచ్చే ముందు ఆసుపత్రికే వైద్యం చెయ్యాలన్నది తోస్కెల్ బోధ. గోడలు, తాళాలు, డాక్టరు పెత్తనం మనిషిని మరింత రోగిని చేస్తాయి. కలిసి పనిచెయ్యటం, సమావేశాల్లో మాట్లాడటం, పత్రిక నడపటం, ఆడటం, పాడటం వైద్యంలో భాగాలు. అలాగని అక్కడ శరీరానికి చేసే చికిత్సలను వదిలిపెట్టలేదు. ఆ కాలపు పద్ధతులైన విద్యుత్ షాకునూ ఇన్సులిన్ చికిత్సనూ ఫానన్ కూడా వాడాడు. ఇన్సులిన్‌తో స్పృహ తప్పించే చికిత్సను తరవాతి వైద్యులు విడిచిపెట్టారు. షాకును నేటికీ కొన్ని జబ్బులకు మత్తుమందు ఇచ్చి వాడుతున్నారు. మనం గ్రహించవలసినది ఆ పనిముట్లను కాదు. శరీరానికి చేసే చికిత్స, మాటతో చేసే చికిత్స, సమూహ జీవితం ఈ మూడూ ఒకే పనిలోని అంగాలని అక్కడ భావించారు. దాన్ని గ్రహించాలి.

1953 నవంబరులో ఫానన్ అల్జీరియాలోని బ్లిడా ఆసుపత్రికి వెళ్ళాడు. అల్జీరియావాడు పుట్టుకతోనే నేరస్వభావి, మెదడు పై భాగాన్ని సరిగా వాడలేని ఆదిమ మానవుడు అని బోధించే ఫ్రెంచి వైద్య సంప్రదాయం అక్కడ పాతుకుని ఉన్నది. దాని పెద్ద ఆంత్వాన్ పోరో అనే ప్రొఫెసర్. అదే కాలంలో కెన్యాలో పనిచేసిన కారదర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు, మామూలు ఆఫ్రికావాణ్ణి మెదడు ముందు భాగానికి కోత పెట్టిన యూరోపియన్ రోగితో పోల్చాడు. వలస పాలనకు తుపాకి ఎంత అవసరమో ఇలాంటి శాస్త్రం కూడా అంతే అవసరం. తిరుగుబాటును వ్యాధి అనేస్తే దాని కారణాల జోలికి పోనక్కరలేదు.

ఫానన్ చేతికి వచ్చినది 165 మంది యూరోపియన్ స్త్రీలు, 220 మంది ముస్లిం పురుషులు ఉన్న విభాగం. సేంట్ ఆల్బన్ పద్ధతిని ఉన్నదున్నట్టు రెండు చోట్లా ప్రవేశపెట్టాడు. స్త్రీల వార్డులో సమావేశాలు, పత్రిక, అల్లికలు, పండగలు బాగా సాగాయి, మనుషులు కోలుకున్నారు. పురుషుల వార్డులో ఏదీ కదలలేదు. సమావేశానికి రమ్మంటే వచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. తన యువ సహచరుడు అజూలేతో కలిసి 1954లో అతడు ఈ వైఫల్యాన్ని గురించి బహిరంగంగా రాశాడు. నా మట్టుకు నాకు అతని రచనలన్నిటిలోకీ ఇది అమూల్యమైనది. పద్ధతి విఫలమైతే రోగుల జాతిని తిట్టే ఆచారం రాజ్యం చేస్తున్న చోట, విఫలమైనది పద్ధతేనని అతడు చెప్పాడు.

కారణాలు వెతికితే అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. డాక్టరుకు అరబ్బీ రాదు, నర్సు దుబాసీగా ఉండాలి. కోర్టులోనూ కచేరీలోనూ పేదవాడి మాటను దొరకు చేరవేసేది దుబాసీయే. ఆసుపత్రిలోనూ అతడే ఎదురైతే రోగి నోరు ఎలా విప్పుతాడు? రోగుల్లో ఎక్కువమంది నిరక్షరాస్యులు, భూమి లేని రైతు కూలీలు. వారికి పత్రిక ఎందుకు? ఎన్నడూ ఎరగని నాటకం ఎందుకు? ఫానన్ అప్పుడు వారి బతుకులోకి చూశాడు. ఆసుపత్రిలో వారి ఊళ్ళలో ఉండేలాంటి కాఫీ దుకాణం వెలిసింది. ముస్లిం పండగలు జరిపారు. కథలు చెప్పేవాణ్ణి పిలిపించారు. రోగులు బంతి ఆడుకునే మైదానం తయారయింది. నేలమీద కూర్చుని కాఫీ తాగుతూ కథ వినే శరీరం, బల్ల ముందు కుర్చీలో కూర్చున్న శరీరం ఒకటి కావు. మొదటిది సడలుతుంది, రెండోది బిగుసుకుంటుంది. శరీరానికి చికిత్స అంటే ఇదీ ఒకటి. తెలుగు పంతులుగా నేను దీన్ని భాషకు కూడా అన్వయించుకుంటాను. పెయ్యి అన్నవాడికి ఒళ్ళు అన్న మాట నేర్పి తరవాత వైద్యం చేద్దామంటే కుదరదు. ఆ మాట డాక్టరే నేర్చుకోవాలి.

1954 నవంబరు 1న అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలయింది. తరవాత ఫానన్ దగ్గరకు వచ్చిన రోగులు ఆ యుద్ధం పంపినవాళ్ళు. హింసించబడినవాడూ వచ్చాడు, హింసించినవాడూ వచ్చాడు. ఒక యూరోపియన్ పోలీసు అధికారి ఖైదీలను చిత్రహింసలు పెట్టీ పెట్టీ చివరకు ఇంట్లో భార్యనూ పిల్లలనూ కొట్టడం మొదలుపెట్టాడు. అతడు ఉద్యోగం మానదలచుకోలేదు. మనసు కలత పడకుండా హింసించగలిగేలా వైద్యం చెయ్యమన్నాడు. ఇంకొక పోలీసువాడు ఆసుపత్రి ఆవరణలో తాను హింసించిన మనిషికే ఎదురుపడి వణికిపోయాడు. ఆ రోగి కూడా అతణ్ణి చూశాడు. తనను మళ్ళీ పట్టుకుపోవటానికే వచ్చాడనుకుని మరుగుదొడ్డిలో ప్రాణం తీసుకోబోయాడు. సరిహద్దులు దాటి పారిపోయిన కాందిశీకుల్లో బాలింతలకు మతి చలించేది.

హింస ఏ రకమైనదో దాని గుర్తు శరీరం మీద ఆ రకంగానే ఉంటుందని ఫానన్ గమనించాడు. కరెంటుతో హింసించబడినవాడు స్విచ్చి ముట్టుకోవటానికి భయపడతాడు. నిజం చెప్పించే మందు ఎక్కించబడినవాడు ఆ తరవాత ఆప్తులతో కూడా మనసు విప్పి మాట్లాడలేడు. కడుపులో పుళ్ళు, గుండె దడ, స్త్రీలకు నెలసరి తప్పటం, తల త్వరగా నెరవటం వంటివి ఒక జాబితాగా రాశాడు. చివర్లో, అల్జీరియాలో ప్రత్యేకంగా కనిపించినదంటూ, ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయే స్థితిని వివరించాడు. నడవబోతే కాలు సాగదు, మెట్టు ఎక్కలేరు, నరాల పరీక్షలో లోపమేమీ కనిపించదు. ఇది నటన కాదన్నాడు ఫానన్. పరాయి అధికారం ముందు ఒక్క క్షణమైనా ఒళ్ళు వదలకూడదన్న నిరాకరణ కండరాల్లో నిలిచిపోయిన స్థితి ఇది. మా తాత పిడికిళ్ళకు నాకు అక్కడ అర్థం దొరికింది.

మన పాఠకులు ఆసక్తిగా చూడవలసిన ఒక మాట ఇక్కడే ఉన్నది. మనోదైహిక వ్యాధి అన్న పదమే మనసును శరీరానికి బయట ఎక్కడో నిలబెడుతుందని ఫానన్‌కు అభ్యంతరం. పావ్‌లోవ్ వారసులైన సోవియట్ వైద్యులు మెదడు పై పొరకూ లోపలి అవయవాలకూ ఉన్న సంబంధంగా వీటిని వర్ణించటం అతనికి మేలుగా తోచింది. భౌతికవాదమంటే మనసును కాదనటం కాదు, మనసును శరీరంలో చూడటం.

ఈ వైద్యుడికి చివరకు ఆసుపత్రి చాలలేదు. మనిషిని తన సొంత గడ్డమీదే పరాయివాణ్ణి చేసే పాలన కింద, రోగిని మామూలు జీవితానికి తిరిగి అలవాటు చెయ్యటమంటే ఏ జీవితానికి? 1956లో ఆ వాదంతోనే రాజీనామా రాశాడు. 1957 జనవరిలో ప్రభుత్వం అతణ్ణి దేశం నుంచి బహిష్కరించింది.

ఇక్కడ ఆగిపోయే పాఠకులు మనలో చాలామంది ఉన్నారు. వ్యవస్థ మారితే వ్యాధి పోతుంది, అంతవరకు వైద్యం ఒక పూతమందు అని వారు తేల్చేస్తారు. ఫానన్ మాత్రం అక్కడ ఆగలేదు. ట్యూనిస్ చేరి, ఒక చేత్తో ఉద్యమ పత్రికకు రాస్తూ, రెండో చేత్తో ఒక ఆసుపత్రిలో పగటి చికిత్స విభాగం నడిపాడు. రోగి పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోతాడు. కుటుంబంతో, వీధితో తెగిపోడు. ఎంత మంచి ఆసుపత్రి అయినా లోపల కట్టేది బొమ్మ సమాజమేననీ, రోగి కోలుకోవలసినది నిజమైన సమాజంలోననీ, తన గురువు పద్ధతిని కూడా 1959లో విమర్శించాడు.

అంతకంటే ముఖ్యమైనది చివరి పుస్తకంలోని ఒక ఉదాహరణ. స్వాతంత్ర్యం పొందిన ఒక ఆఫ్రికా దేశంలో, ఒకప్పుడు ఉద్యమం తరఫున బాంబు పెట్టిన ఒక యోధుడు ప్రతి ఏడూ ఆ తేదీ దగ్గర పడేసరికి నిద్ర పట్టక, ఆత్మహత్య తలపులతో విలవిలలాడతాడు. తన పోరాటం న్యాయమైనదని అతనికి సందేహం లేదు, దేశం గెలిచింది కూడా. అయినా శరీరం ఆ రోజును మరచిపోలేదు. ఉద్యమాన్ని నమ్మిన వైద్యుడే ఈ సంగతిని దాచకుండా రాశాడు. పోరాటం న్యాయమైనదైనంత మాత్రాన గాయం దానంతటది మానదు. ఈ మాట మనకు చేదుగా ఉండవచ్చును, అయినా మింగవలసిందే. 1961 డిసెంబరు 6న, ముప్పైయారేళ్ళ వయసులో, రక్త క్యాన్సరుతో ఫానన్ చనిపోయాడు. అల్జీరియా స్వాతంత్ర్యం 1962 జూలైలో వచ్చింది.

ఈనాడు ట్రామా అన్న మాట అందరి నోటా ఉన్నది. వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులు ఏళ్ళ తరబడి ఆందోళన చేసిన మీదట, 1980లో అమెరికా మనోవైద్యులు తమ వ్యాధుల పట్టికలో దానికొక పేరు చేర్చారు. మాటతో పాటు శ్వాస, కదలిక, కండరాల సడలింపు చికిత్సలో భాగం కావాలని ఇవాళ చాలామంది వైద్యులు అంటున్నారు. ఇది మంచి పరిణామం. కాని దానికొక బజారు కూడా ఏర్పడింది. పన్నెండు గంటలు పని చేయించుకునే యజమాని అరగంట శ్వాస పాఠం ఏర్పాటు చేసి చేతులు దులుపుకోవచ్చును. శరీరాన్ని సడలించమంటారు, దాన్ని బిగించిన చెయ్యి జోలికి పోరు. మనవాళ్ళు చేసే పొరపాటుకు ఇది తలకిందుల రూపం. మనం చేతిని మాత్రమే చూశాము, వీరు కండరాన్ని మాత్రమే చూస్తున్నారు.

మనం చెయ్యగలిగినది ఏమిటి? సంఘాల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్ళం డాక్టర్లం కాము. కాని జైలు నుంచి వచ్చిన విద్యార్థికి, లాఠీ దెబ్బలు తిన్న కార్మికుడికి, కులం పేరుతో కొట్టించుకున్న పిల్లవాడికి మనం ఏర్పాటు చేసే సభలో దండతో పాటు ఒక వైద్యుడు కూడా ఉండాలి. ఆ వైద్యుడికి రోగి మాట తెలిసి ఉండాలి. జిల్లా జిల్లాకూ ఒంటి నొప్పులను, భయాలను జనం ఏ మాటల్లో చెప్పుకుంటారో సేకరించి వైద్య విద్యార్థులకు అందించటం తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళు చెయ్యగల పని. ఈ సంవత్సరం మా కాలేజీలో రెండో సంవత్సరం విద్యార్థులతో ఆ పని మొదలుపెట్టాను. వారు ఊళ్ళ నుంచి రాసుకొచ్చిన నోటు పుస్తకాల్లో మాటలు ఇప్పటికే వందలకు చేరాయి. ఇతర జిల్లాల మిత్రులు కూడా పూనుకుంటే ఆ నోటు పుస్తకాలను మెడికల్ కాలేజీల దాకా తీసుకుపోవచ్చును.